అటారీలో వీఐపీ పాస్ మోసం, హుస్సేనీవాలాలో చూసిన అసలు సరిహద్దు

అమృత్‌సర్ దగ్గర పాకిస్తాన్ సరిహద్దు అటారీలో (అటువైపు పేరు వాఘా) సాయంత్రం జరిగే పరేడ్ చూడటానికి టికెట్ లేదు. దాన్ని నడిపే సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్ఎఫ్, ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోదు. ఈ సంగతి అన్నిటికంటే ముందు రాస్తున్నాను, ఎందుకంటే అమృత్‌సర్‌లో "వీఐపీ పాస్" అని చెప్పి మా నలుగురి దగ్గర మనిషికి 400 చొప్పున 1,600 రూపాయలు గుంజారు.

స్వర్ణమందిరం చుట్టుపక్కల వీధుల్లో "వాఘా, వాఘా" అని కేకలేస్తూ షేర్ బండ్ల వాళ్లు తిరుగుతుంటారు. రానూపోనూ మనిషికి 250 అడిగారు. దాదాపు 30 కిలోమీటర్ల దూరం కాబట్టి ఆ రేటుతో నాకు పేచీ లేదు. ఊరు దాటాక బండి ఒక దాబా దగ్గర ఆగింది. ఒకతను ఎక్కి, మామూలు జనానికి వెనక వరసలే ఇస్తారని, పాస్ ఉంటే ముందు కూర్చోవచ్చని, పెద్దాయన నడవక్కర్లేకుండా బండిని గేటు దాకా పంపిస్తానని చెప్పాడు. మా మామయ్యగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆ మాట వినగానే మా ఆవిడ పర్సు తీసింది. అతను ఇచ్చింది ఒక రంగు కాగితం. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, ముద్ర లేదు.

పార్కింగ్‌లో దించేసి, ఇక్కణ్ణుంచి అందరూ నడవాల్సిందే అన్నాడు డ్రైవర్. పాస్ అమ్మినవాడు ఎవరో తనకు తెలియదట. తనిఖీ దగ్గర జవాను ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేశాడు. మామయ్యగారు కిలోమీటరు పైగా నడిచారు, దారిలో అక్కడక్కడా కూర్చుంటూ. పైకి ఒక్క మాట అనలేదు. మా ఆవిడ మాత్రం ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు, నాన్న మోకాళ్లు చూపించి వసూలు చేశారని. నాకూ ఆ కోపం ఇంకా తగ్గలేదు. సీటు ముందే కావాలంటే బీఎస్ఎఫ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా బుక్ చేసుకోవచ్చు. బ్యాగులు లోపలికి రానివ్వరు, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. వీటికి మించి ఎవరేం అమ్మినా కొనకండి.

పరేడ్ బాగుంది, కాదనను. జవాన్లు కాలు నుదుటి దాకా లేపి నేలకు కొడుతుంటే ఆ చప్పుడు కూర్చున్న మెట్ల మీద మనకు తెలుస్తుంది. 1959 నుంచి జరుగుతోంది ఇది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత గేట్లు తెరవడం, అటువాళ్లతో చేతులు కలపడం ఆపేశారు. ఇప్పుడు మూసిన గేటు ముందే జెండా దింపుతారు. అలా ఉండటమే సరైందని నా అభిప్రాయం. అయితే వేల మంది కేకలు, మైకులో పాటల మధ్య ఇది ఏ రోడ్డు, ఎప్పుడు గీసిన గీత అని ఆలోచించుకునే తీరిక దొరకదు. లాహోర్ ఇక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే. సరిహద్దు గీయడానికి 1947 జులైలో మొదటిసారి ఈ దేశంలో కాలుపెట్టిన బ్రిటిష్ లాయరు రాడ్‌క్లిఫ్ అయిదు వారాల్లో పంజాబ్‌ను, బెంగాల్‌ను చీల్చాడు. స్వాతంత్ర్యం ఆగస్టు 15న వస్తే, గీత ఎక్కడుందో జనానికి చెప్పింది 17న. తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే లక్షల మంది జెండా పండగ రోజు గడిపారు. ఇది అటారీలో ఎవరూ చెప్పరు. అమృత్‌సర్ టౌన్‌హాల్లోని పార్టిషన్ మ్యూజియంకు వెళ్తే తెలుస్తుంది. బోర్డర్‌కు వెళ్లే ముందే అది చూడండి.

మర్నాడు మామయ్యగారే ఫిరోజ్‌పూర్ దగ్గరున్న ఇంకో బోర్డర్, హుస్సేనీవాలా వెళ్దామన్నారు. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఫిరోజ్‌పూర్ వరకు, అక్కణ్ణుంచి బోర్డర్‌కు కలిపి కారుకు 3,800 మాట్లాడుకున్నాం. డ్రైవర్ పెద్ద వయసు సర్దార్‌జీ, చివర్లో పైసా ఎక్కువ అడగలేదు. దారిలో 480 రూపాయలకు నలుగురం మొక్కజొన్న రొట్టెలు, ఆవకూర కడుపునిండా తిన్నాం. మా ఆవిడ నవ్వింది అప్పుడే.

ఫిరోజ్‌పూర్ కథ విన్నాక రాడ్‌క్లిఫ్ మీద మామయ్యగారి కోపం నాకూ అర్థమైంది. 1947 ఆగస్టు 8 నాటి ముసాయిదా మ్యాపులో ఫిరోజ్‌పూర్, జీరా తహసీళ్లు పాకిస్తాన్‌లో ఉన్నాయి. చివరి తీర్పులో భారత్‌కు వచ్చాయి. పక్కనే సట్లెజ్ నది మీది హెడ్‌వర్క్స్ (నీళ్లను కాలువల్లోకి మళ్లించే ఆనకట్ట) ఎవరి చేతిలో ఉంటే కాలువల నీళ్లు వాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి ఈ మార్పు మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి.

హుస్సేనీవాలాలో మాత్రం గీత మన కోసం తర్వాత కదిలింది. 1931 మార్చి 23న లాహోర్ జైల్లో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీసి, రహస్యంగా ఇక్కడికి తెచ్చి సట్లెజ్ ఒడ్డున దహనం చేశారు. విభజనలో ఆ చోటు పాకిస్తాన్‌కు పోయింది. 1961లో సులేమాంకీ హెడ్‌వర్క్స్ దగ్గరి 12 గ్రామాలు అటు ఇచ్చి ఈ నేల తెచ్చుకున్నాం. అసెంబ్లీలో భగత్ సింగ్‌తో కలిసి బాంబు వేసిన బటుకేశ్వర్ దత్ 1965లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం ఇక్కడే దహనం చేశారు. భగత్ సింగ్ తల్లి విద్యావతి గారి సమాధి కూడా ఇక్కడే ఉంది. మామయ్యగారు చెప్పులు విప్పి, మోకాళ్ల సంగతి మరిచిపోయి, ఒక్కో సమాధి దగ్గరా నిలబడి మా అబ్బాయికి ఇవన్నీ చెప్పారు. అప్పటిదాకా ఫోన్ వదలని పిల్లాడు వరసగా ప్రశ్నలు అడిగాడు.

ఇక్కడా పరేడ్ ఉంది, 1970 నుంచి. జనం తక్కువ, పాస్‌ల బేరం లేదు, నడక తక్కువ. అటువైపు పాకిస్తాన్ ఊరు గండాసింగ్‌వాలా. అక్కడ కూర్చున్నవాళ్ల ముఖాలు కూడా మనకు కనిపిస్తాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఒక్కటే చూడాలనుకుంటే అటారీ వదిలేసి ఇక్కడికే రండి.

తిరుగు దారిలో సర్దార్‌జీ కారు ఆపి పొలాల చివర కంచె చూపించాడు. పంజాబ్‌లో 1988 నుంచి 1993 మధ్య వేసిన కంచె ఇది. అసలు సరిహద్దు గీత మీద కాకుండా మన నేల మీద లోపలికి వేశారు. దాంతో వేల ఎకరాల మన పొలాలు కంచెకు అవతల పడ్డాయి. వాళ్ల అన్నగారి గోధుమ చేను అందులో ఒకటి. బీఎస్ఎఫ్ ఇచ్చిన కార్డు చూపించి, ట్రాక్టరు తనిఖీ చేయించుకుని గేటు దాటాలి, పొద్దుండగానే తిరిగి రావాలి. చెరకు, మొక్కజొన్న లాంటి ఎత్తు పైర్లు వేయనివ్వరు, చాటున ఎవరైనా దాక్కుంటారని. రాత్రి నీళ్లు పెట్టాల్సి వస్తే పెట్టలేరు. "దేశానికి కాపలా కావాలి కదా" అన్నాడు, విసుగు లేకుండా. ఆ రైతులకు ఇచ్చే పరిహారం ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడటం అన్యాయం.

రాత్రి ఫిరోజ్‌పూర్‌లోనే 1,400 రూపాయల గదిలో ఉన్నాం. వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు శుభ్రం. పరేడ్ అయ్యాక చీకట్లో అమృత్‌సర్ దాకా 120 కిలోమీటర్లు, పైగా చలికాలం పొగమంచులో, పెద్దవాళ్లతో ప్రయాణం వద్దు. ఏటా మార్చి 23న, ఆ ముగ్గురినీ ఉరితీసిన రోజున, హుస్సేనీవాలాలో షహీదీ మేళా జరుగుతుంది, ఫిరోజ్‌పూర్ నుంచి ప్రత్యేక రైళ్లు వేస్తారు. రద్దీ భరించగలిగితే ఆ రోజుకే టికెట్లు చేయించుకోండి.