కొత్తగా కంప్యూటర్ పట్టేవాళ్ళకి లినక్స్ మింట్: కావలిలో ఒక పాత లాప్‌టాప్ మీద వాడి చూశాక

లినక్స్ మింట్ అంటే విండోస్‌కి బదులుగా కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ బొత్తిగా తెలియనివాళ్ళకి ఇది తేలిక. కష్టమల్లా విండోస్ సగం తెలిసినవాళ్ళకే. మా ఇంట్లో ఒకే లాప్‌టాప్‌ను రిటైరైన మా మామయ్య, డిగ్రీ చదివే మా అమ్మాయి, సెలవులకి వచ్చే మా బావమరిది వాడుతుంటే 2022 చివరి నుంచి నేను గమనించింది ఇదే.

ముందు లాప్‌టాప్ సంగతి. ఇంటెల్ ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత హార్డ్ డిస్క్ తీయించి, దానికన్నా బాగా వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను. దాని మీద మింట్ 21 ఎక్కించాను, దాని తెర రూపాల్లో సిన్నమన్ అనే ఎడిషన్. వేగం పెరిగింది నిజమే గానీ ఆ పేరంతా మింట్‌కి కట్టబెట్టను. సగానికి పైగా ఎస్‌ఎస్‌డీ చలవే. లినక్స్ వేస్తే పాత కంప్యూటర్ పరుగులు పెడుతుందని ఊదరగొట్టే వీడియోలు ఈ ముక్క చెప్పవు. 4 జీబీతో బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబుల దాకా పరవాలేదు, ఆపైన మింట్ అయినా ఆయాసపడుతుంది. మేం తర్వాత ఇంకో 4 జీబీ వేయించాం, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది, దించుకుని దాంతో పెన్‌డ్రైవ్‌ని బూటబుల్‌గా, అంటే కంప్యూటర్ దాని మీంచే లేచేలా చేసుకుంటే, అలాగే నడిపి చూడొచ్చు, నచ్చితేనే డిస్క్‌లో వేసుకోవచ్చు. కొన్ని పాత లాప్‌టాప్‌లలో వైఫై వెంటనే దొరకదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెదరింగ్ పెట్టి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే చాలావాటికి వైఫైని నడిపే డ్రైవర్‌ని అదే వెతికి వేస్తుంది.

మామయ్య పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. అంతకుముందు కంప్యూటర్ ముట్టింది లేదు. ఆయనకి నేను చూపించింది ఎడమ మూల మెనూ, బ్రౌజర్, రాసుకోవడానికి లిబ్రేఆఫీస్, అంతే. సీ డ్రైవ్ ఏది, స్టార్ట్ బటన్ ఇలా ఎందుకు లేదు అని ఆయన అడగలేదు, అవి ఉంటాయనే తెలియదు కాబట్టి. మా బావమరిది వచ్చినప్పుడు చూడాలి తమాషా. ఏదో వెబ్‌సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ దించుకుని డబుల్ క్లిక్ చేస్తాడు, తెరుచుకోదు. "ఏంది బావా, ఇది పాడైపోయిందా?" అంటాడు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు వెతికి తీసుకోవాలిరా అని ఎన్నిసార్లు చెప్పినా వేళ్ళు పాత దారినే పోతాయి. అదే సంగతి మామయ్యకి చెప్తే ఫోన్‌లో ప్లేస్టోర్ లాంటిదేగా అని ఒక్క మాటలో పట్టేశారు.

తెలుగు టైపింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మామయ్య వాడేది ముఖ్యంగా దానికే. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డ్ అమరిక వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు. కావలి అని కొట్టాలంటే కే, ఈ, బీ, ఎన్, ఎఫ్. ఒత్తులకి మధ్యలో డీ. మొదటి వారాలు కాగితం మీద అక్షరాల పటం గీసుకుని పక్కన పెట్టుకున్నారు. ఇప్పుడు పోస్టాఫీసు రోజుల సంగతులు పేజీలకి పేజీలు కొడుతున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ, నాన్న అని కొట్టే పద్ధతి మీద ఫోన్‌లో చేయి తిరిగినవాళ్ళకి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ మొదట్లో చిరాకే. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. వేసుకుంటే అక్షరం కంటికి ఇంపుగా ఉంటుంది.

అయితే డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు కూర్చే పని నేర్చుకుని బతుకుదామనుకునే పిల్లలకి మింట్ చెప్పను. మన ఊళ్ళలో పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ ఇంకా చాలాచోట్ల పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను అనే పాత తెలుగు ఫాంట్ల మీదే నడుస్తున్నాయి. అవి విండోస్ సరుకు. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. లెక్కలు రాసే ట్యాలీ కూడా అంతే, విండోస్ కావాలి. ఈ రెండింట్లో ఏది చేతికి అన్నం పెట్టబోతున్నా మారుమాట లేకుండా విండోస్ తీసుకోండి.

అమ్మాయికి వచ్చిన ఇబ్బంది ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర. స్నేహితులు వర్డ్‌లో చేసి పంపిన ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటుంది, కానీ టేబుళ్ళు కాస్త జరుగుతాయి, పేజీ నంబర్లు మారతాయి. చివరి ప్రతి పీడీఎఫ్ చేసి ఇవ్వడం అలవాటయ్యాక ఆ గొడవ తగ్గింది. ఇక జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి వచ్చే వైరస్ మనకి కొత్త కాదు. మింట్‌లో అది పని చేయదు, ఉత్త ఫైలులా పడి ఉంటుంది. తీసేయకుండా ఇంకొకళ్ళ విండోస్‌లో పెడితే మాత్రం అక్కడ తగులుకుంటుంది, కనిపించగానే చెరిపేయాలి.

అప్‌డేట్ల విషయం నాకు బాగా నచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో డేటా మొత్తం అప్‌డేట్లే తాగేస్తే ఎట్లా? మింట్ కింద మూలలో డాలు గుర్తు చూపించి ఊరుకుంటుంది, మనం నొక్కితేనే దించుకుంటుంది. "నాయనా, డాలు మీద చుక్క కనిపిస్తా ఉంది, నొక్కమంటావా?" అని మామయ్య కేకేస్తారు. డేటా ఉంటే సరే అంటాను. ఏదైనా తేడా చేస్తే టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌తో అంతకుముందు దాచిన స్థితికి వెనక్కి పోవచ్చు. ముందే దాన్ని ఆన్ చేసి పెట్టుకోవాలి సుమా. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం అనగానే మాకు కరెంటు పోతుంది. ఈ లాప్‌టాప్‌కి బ్యాటరీ లేనట్టే, టక్కున ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో తిరిగి లేవని రోజు లేదు.

విసిగించింది ప్రింటర్. మా పాత లేజర్ ప్రింటర్ కోసం ఒక మధ్యాహ్నమంతా పోయింది. వైఫైతో, డ్రైవర్ అక్కర్లేకుండా పనిచేసే ఈ మధ్య ప్రింటర్లయితే చాలావరకు వాటంతటవే దొరుకుతాయి. మింట్ 21 నుంచి 22కి మారడానికి కూడా టెర్మినల్‌లో, అంటే మౌస్ లేకుండా ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, కమాండ్లు కొట్టాల్సి వచ్చింది. అది మామయ్య చేతనయ్యే పని కాదు. ఇంట్లోనో వీధిలోనో ఆ ఒక్కసారి కూర్చుని చేసిపెట్టే మనిషి లేకపోతే మింట్ జోలికి పోవద్దు. 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి కాబట్టి మాకిప్పుడు తొందర లేదు.

పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా కొన్నాళ్ళు చూశాను. చాలా సింపుల్, కానీ ఫోన్ యాప్‌లు వేసుకోవడానికి లేదు, నెట్ పోతే చేయగలిగింది కొద్దే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్‌లో భారతీయ భాషల ఏర్పాట్లు బాగున్నాయి, అయితే ఇబ్బంది వస్తే ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే జవాబులు మింట్‌కే ఎక్కువ. ఉబుంటు అనే ఇంకో లినక్స్ మంచిదే, ఈ లాప్‌టాప్‌కి కాస్త బరువు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక మా బావమరిదికి టెన్షన్ పట్టుకుంది. రైసు మిల్లులో లెక్కలు చూస్తాడు, ట్యాలీ లేకుండా పూట గడవదు. వాడికి మింట్ వేయమని చెప్పలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది చూడమన్నాను. అంతకన్నా పాతవాటికి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. డబ్బు ఇచ్చే ముందే షాపులో ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో విండోస్ 11కి కావలసిన భద్రతా చిప్ టీపీఎం 2.0 ఉందో లేదో చూపించమని అడగమన్నాను.