గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: భీమవరంలోని ఒక చిన్న ఫోటో స్టూడియో అనుభవం

భీమవరంలో పెళ్లిళ్లు, బారసాలలు, ఓణీల వేడుకలు చిత్రీకరిస్తూ, మిగిలిన రోజుల్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తూ ఒక చిన్న స్టూడియోను నడుపుతున్నాను. మొన్నమొన్నటి వరకు మా ప్రచారమంతా దుకాణం ముందరి బోర్డు, జనవరిలో పంచే గోడ క్యాలెండరు, కరిజ్మా ఆల్బమ్ చివరి పేజీలో అచ్చయ్యే మా పేరు. అన్నిటికీ మించి, ఒక పెళ్లిలో మా పని చూసిన బంధువులు మరో పెళ్లివారికి చెప్పే మాట. రెండు సంక్రాంతులుగా వీటికి తోడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను కూడా వాడుతున్నాను. గూగుల్ మై బిజినెస్ పేరుతో 2014లో మొదలై, 2021 నవంబరులో ఇప్పటి పేరు పెట్టుకున్న ఈ సేవ, మ్యాపులో మన దుకాణం ఎలా కనిపించాలో మనమే చూసుకునే వీలు కల్పిస్తుంది. దీనికి రుసుము లేదు. రుసుము లేనిదానికి సమీక్ష ఎందుకని అడగవచ్చు గానీ, ఇది తీసుకునేది మన సమయాన్ని; ఒక్కడే స్టూడియో నడిపేవాడికి ముహూర్తాల నెలల్లో సమయం డబ్బుకంటే కరువు.

నమోదు చేసుకోవడం పెద్ద పని కాదు. మనది ఏ రకం వ్యాపారమో చెప్పే ఒక ప్రధాన వర్గానికి తోడు మరో 9 వర్గాల వరకు ఎంచుకోవచ్చు. పరిచయానికి 750 అక్షరాల చోటు ఇస్తారు. నేను తెలుగులోనే రాసుకున్నాను. దుకాణం నిజంగా ఉందని నిరూపించడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: వీధి, బోర్డు, లోపలి కెమెరాలు, లైట్లు, షట్టరు తాళాన్ని మన చేతితోనే తీయడం, ఇవన్నీ కత్తిరింపులు లేకుండా ఒకే బిగిన చూపించాలి. రోజూ వీడియోలు తీసేవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను గానీ, పక్క దుకాణాలవారు గుమిగూడి ‘ఏమైందండీ’ అని అడుగుతుంటే సొంత షట్టరును వీడియో తీసుకోవడం కొంత ఇబ్బందిగానే అనిపించింది. దుకాణం లేకుండా ఇంటి నుంచి పని చేసేవారు చిరునామాను దాచి, తాము వెళ్లగలిగే ప్రాంతాలను 20 వరకు చూపించవచ్చు. పాలకొల్లు, నరసాపురం, ఆకివీడు వైపు పెళ్లిళ్ల మీద ఆధారపడే కుర్రాళ్లకు ఇది మంచి ఏర్పాటు.

ఇక గిరాకీ సంగతి. నేను గమనించినంతలో, ఈ ఊళ్లోనే తరాలుగా ఉంటున్న కుటుంబం పెళ్లికి ఫోటోగ్రాఫరును మ్యాపులో వెతకదు. లగ్నపత్రిక రాసుకోగానే మండపం, వంటవాళ్లు, ఫోటోలు అనే వరుసలో మాటలు నడుస్తాయి; అక్కడ మన పేరు ఎత్తేది పెళ్లికూతురి మేనత్తో, పక్కింటివారో, మండపం చూసుకునే మనిషో తప్ప మరొకరు కారు. అయితే పేరు వినిపించిన ఆ రాత్రే పెళ్లికూతురి తమ్ముడు ఫోను తీసి మా స్టూడియో పేరు కొట్టి చూస్తాడు. ఏ మాటలతో వెతికి మనల్ని చేరారో, ఎంతమంది ఫోను చేశారో, ఎంతమంది దారి అడిగారో చూపే పేజీ ఒకటి ఉంది. మా విషయంలో ఆ పేజీ పైభాగమంతా మా స్టూడియో పేరుతో వెతికినవారే. అంటే నోటిమాట పుట్టేది పెళ్లిపందిట్లోనే గానీ, అది నిలుస్తుందో లేదో తేలేది ఈ ప్రొఫైల్‌లో. దీన్ని గిరాకీ తెచ్చే సాధనంగా కాక, వచ్చిన గిరాకీ జారిపోకుండా కాసే సాధనంగా చూస్తే నిరాశ ఉండదు.

దీనికి మినహాయింపు సంక్రాంతి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి సొంతూరికి వచ్చినవారు తాతగారి ఇంటి అరుగు మీద మూడు తరాలనూ కూర్చోబెట్టి ఫోటో తీయించుకోవాలనుకుంటారు. ఊళ్లో ఏ స్టూడియో మూతపడిందో, ఏది కొత్తగా వచ్చిందో వారికి తెలియదు కాబట్టి మ్యాపే దిక్కు. అమెరికా వీసాకు రెండంగుళాల చదరపు ఫోటో కావలసిన విద్యార్థులూ అంతే. దగ్గరలో తెరిచి ఉన్నది ఏదో చూసుకుని వచ్చేస్తారు. పండగ రోజుల వేళలను విడిగా నమోదు చేసే వీలుంది. దాన్ని ఏమరుపాటున వదిలేస్తే, మావుళ్లమ్మ ఉత్సవాల రద్దీని దాటుకుని వచ్చినవాడు మూసిన షట్టరును చూసి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు.

ఫోటోల విషయంలో మాత్రం తోటి ఫోటోగ్రాఫర్లు ఆగి ఆలోచించాలి. సాంకేతికంగా చెప్పుకోవలసింది కొంచెమే: ఒక్కో ఫోటో 5 ఎంబీ లోపు జేపీజీ లేదా పీఎన్‌జీగా ఉండాలి, కాబట్టి కెమెరా నుంచి దిగిన పెద్ద ఫైళ్లను కుదించుకోవాలి. అసలు చిక్కు హక్కులది. మనం తీసిన ఫోటో మనదే అన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. కానీ 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఒకరు కోరి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లికూతురి ఫోటోను అడగకుండా ప్రొఫైల్‌లో పెట్టడం మర్యాద తప్పడం మాత్రమే కాదన్నమాట. పైగా మనది పెద్ద నగరం కాదు. అమ్మాయి ఫోటో ఎక్కడో కనిపించిందని సాయంత్రానికల్లా పెదనాన్నగారికి తెలిసిపోతుంది. అందుకే అడ్వాన్సు తీసుకునే రసీదు మీదనే, ఫోటోలను ప్రచారానికి వాడుకోవచ్చో లేదో రాసే గడి ఒకటి చేర్చాను. కాదన్నవారివి పెట్టను. ముఖాలు కనిపించని తలంబ్రాల చేతులు, జీలకర్ర బెల్లం, కల్యాణ తిలకం వంటి దగ్గరి దృశ్యాలకు కూడా అడిగే పెడతాను, వీటికి మాత్రం దాదాపు ఎవరూ కాదనరు.

వినియోగదారుల అభిప్రాయాలు ఈ సేవకు ప్రాణం, మనవారికి మాత్రం రాసే అలవాటు తక్కువ. ‘చాలా బాగా చేశావు బాబూ’ అని నోరారా మెచ్చుకున్న పెద్దమనిషి రెండు వాక్యాలు రాయమంటే మొహమాటపడతారు. ఆల్బమ్ ఆలస్యమైనవారు మాత్రం అడక్కుండానే రాస్తారు. మాకు అలాంటిదొకటి వచ్చింది, అందులో తప్పు మాదే. మొదట ఆవేశంగా జవాబు రాసి, ఒక పూట ఆగి, ఆలస్యానికి క్షమాపణతో దాన్ని మార్చాను. ఆ జవాబును తరువాత వచ్చే ప్రతి పెళ్లివారూ చదువుతారని అప్పటికి తట్టింది. తగ్గింపో కానుకో ఇచ్చి అభిప్రాయాలు రాయించుకోవడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. పెళ్లిరోజు హడావిడిలో అడగడం దండగ. ఆల్బమ్ ఇంటికి చేరి, అందరూ చుట్టూ చేరి పేజీలు తిప్పుతున్నప్పుడు అడగాలి.

ఒక హెచ్చరిక. మమ్మల్ని మ్యాపులో మొదటి స్థానంలో నిలబెడతామంటూ ఒక మధ్యవర్తి వచ్చి, డబ్బు తీసుకుని, స్టూడియో పేరు పక్కన ఊరి పేరు, ‘బెస్ట్’, ‘పెళ్లి ఫోటోలు’ అంటూ తోక తగిలించి పోయాడు. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నియమం. తోక ఉంటే ప్రొఫైల్‌నే నిలిపివేసే ప్రమాదం ఉంది. నేనే సరిచేసుకున్నాను. వెతికినదానికి మనం ఎంత సరిపోతాం, ఎంత దూరంలో ఉన్నాం, ఎంత పేరున్నవాళ్లం అన్న మూడింటిని బట్టి వరుస ఏర్పడుతుందని గూగుల్ చెబుతుంది, డబ్బు కట్టి అందులో పైకెక్కే దారి లేదనీ అంటుంది.

లోపాలు లేకపోలేదు. ప్రొఫైల్ నుంచే సంభాషణ జరిపే సౌకర్యాన్ని 2024 జులై 31తో తీసేశారు; ధర అడగాలంటే ఇప్పుడు ఫోనో వాట్సాపో తప్పదు. మా ఏడాదిని నడిపించేది పంచాంగం. మాఘంలోనూ వైశాఖంలోనూ ఊపిరి తిరగదు, ఆషాఢంలోనూ మూఢంలోనూ ఈగలు తోలుకుంటాం. కాబట్టి గత నెలతో, నిరుటి ఇదే నెలతో పోల్చి ఈ సేవ చూపే వెతుకులాటల, ఫోన్ల అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు, అధికమాసం వచ్చిన ఏడాది అసలే నమ్మకూడదు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఫ్లెక్సీలు మానేశాను, క్యాలెండరు మాత్రం మానలేదు. అభిప్రాయం రాసే పేజీకి తీసుకువెళ్లే క్యూఆర్ కోడ్‌ను ఈ సేవే ఇస్తుంది; దాన్ని ఈ ఏడాది క్యాలెండరు అట్ట అడుగున, మూఢం తేదీల పట్టికకు పక్కనే అచ్చు వేయించాను.