పలమనేరులో చేయించుకున్న మట్టి హుక్కా బౌల్: కొన్నేళ్లు వాడాక నా మాట

హుక్కా కొనేవాళ్లు పైపు పొడుగు, గాజు సీసా మీది నగిషీ చూసి డబ్బు పెడతారు. రుచి తేల్చేది మాత్రం నెత్తిన కూర్చునే ఆ చిన్న బౌలే. పొగాకు ఉడికేది అందులోనే. నాకీ అలవాటు కువైట్‌లో పనిచేసిన రోజుల్లో అంటుకుంది. చిత్తూరుకు వచ్చేసేటప్పుడు హుక్కాతో పాటు రెండు బౌళ్లు తెచ్చుకున్నాను. ఒకటి ఈజిప్టు మట్టిది, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) లేకుండా అడుగున ఐదు చిల్లులతో ఉండేది. రెండోది లోపలంతా గ్లేజ్ వేసిన ఫనెల్ బౌల్. మూడోదాన్ని ఇక్కడికొచ్చాక పలమనేరు దగ్గర టెర్రకోట పని చేసే ఒకాయనతో చేయించుకున్నాను. ఇప్పుడు మిద్దె మీదికి వెళ్లేటప్పుడు చేతికి తీసుకునేది ఆ మూడోదాన్నే.

సిలికాన్, లోహం బౌళ్ల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సిలికాన్‌ది కిందపడినా పగలదు, ప్రయాణాలకు మంచిది, అంతే. లోహం చిటికెలో వేడెక్కి అంచు దగ్గరి పొగాకును మాడ్చేస్తుంది. నాకు రెండూ పనికిరాలేదు.

మట్టి ఎందుకు బాగుంటుందో తెలియాలంటే హుక్కా పొగాకు ఏమిటో తెలియాలి. అది బీడీలో చుట్టే ఎండాకులాంటిది కాదు. ఆకును చెరకు మడ్డిలోనో తేనెలోనో నానబెట్టి, గ్లిజరిన్, సువాసన కలిపిన తడి ముద్ద. దానికి నిప్పు తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. పాకం మాడిందంటే గొంతు పట్టేస్తుంది, ఆ పూటకి ఇక అయిపోయినట్టే. మట్టి వేడిని నిదానంగా తీసుకుని నిదానంగా వదులుతుంది. చట్టిలో చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించాక కూడా కాసేపు కుతకుతలాడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

ఇక ఆకారం. అడుగున చిల్లులుండే పాతకాలపు బౌల్లో, ఈ రోజుల్లో దొరికే రసం ఎక్కువున్న పొగాకు వేస్తే రసమంతా చిల్లుల్లోంచి పైపులోకి కారుతుంది. సగం రుచి సీసాలోని నీళ్ల పాలు, పైపేమో లోపలంతా జిగట. ఫనెల్ బౌల్లో నడుమ ఒక గొట్టం పైకి లేచి ఉంటుంది, దాని తలమీద ఒకటే రంధ్రం. రసం చుట్టూ ఉన్న గాడిలోనే నిలిచి, పొగాకు చివరిదాకా తడిగా ఉంటుంది. రసం తక్కువున్న రకాలకైతే ఈజిప్టు బౌల్ ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. దాన్ని అలమారలోనే ఉంచాను, పారేయలేదు.

గ్లేజ్ బౌల్‌ను తక్కువ చేసి మాట్లాడను. కడగడం తేలిక, నిన్నటి వాసన ఇవాళ్టికి అంటదు. పూటకో ఫ్లేవర్ మార్చేవాళ్లు కళ్లు మూసుకుని గ్లేజ్‌దే తీసుకోవచ్చు. నాది మటుకు కొన్నాళ్లకు అంచు చుట్టూ వెంట్రుకవాసి బీటలు తీసింది. వాటిలోకి రసం దిగి నల్లటి గీతలు పడ్డాయి, ఎంత తోమినా పోలేదు. అమ్మినతన్ని అడిగితే అన్నీ అంతేనన్నాడు. చవకరకం గ్లేజుల్లో సీసం ఉండే అవకాశముంది కాబట్టి, ఎవరు ఎక్కడ కాల్చారో తెలియని మెరుపు బౌల్ జోలికి నేను మళ్లీ పోలేదు.

అందుకే మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు వెళ్లాను. అక్కడి టెర్రకోట అంటే అందరికీ తెలిసినవి బొమ్మలు, పూలకుండీలు, గంటలు. హుక్కా బౌల్ అనేసరికి ఆయన నా చేతిలోని ఫనెల్ బౌల్‌ను తిప్పి తిప్పి చూశాడు. “నీళ్లు పోసుకునే కుండలు చేసేవాణ్ణి, నిప్పు పెట్టేది చేయమంటావేంది సామీ” అని నవ్వాడు. కొలతల దగ్గర మాత్రం నన్ను మాట్లాడనివ్వలేదు. మట్టి ఆరేటప్పుడు ఒకసారి, ఆవంలో కాలేటప్పుడు ఇంకోసారి కుంచించుకుపోతుంది, మొత్తం దాదాపు పదో వంతు తగ్గుతుంది. అందుకని పచ్చిమట్టిలో బౌల్‌ను ఆ మేరకు పెద్దగా చేశాడు. నేను గొట్టం పొడుగ్గా ఉండాలన్నాను. “పొడుగు పెడితే ఆరేటప్పుడు వాలిపోతాది, కురచగానే పెడదాం” అన్నాడు. సారె మీద గిన్నె లేపి పక్కన పెట్టి, గొట్టం వేరేగా చేసి, బంకమట్టి పూసి అతికించాడు. నడిమి రంధ్రాన్ని పొరకపుల్లతో పొడిస్తే చుట్టూ మట్టి నూగు లేచింది. తడి వేలితో దాన్ని నున్నగా దిద్దాడు. ఆ ఒక్క పనే చేయకపోయుంటే పీల్చినప్పుడల్లా పైపులోకి మట్టి రేణువులు రాలేవి.

నాలుగు చేయమన్నాను, ఆవంలోంచి నాలుగూ బయటికొచ్చాయి. ఒకటి ఒకవైపు నల్లబడింది. ఇంకోదాన్ని గోటితో మీటితే కణకణమనకుండా మొద్దుగా పలికింది, అంటే సరిగా కాలలేదు. దాన్ని ఆయనే తీసి పక్కన పడేసి డబ్బులు వద్దన్నాడు. మట్టి బౌల్ ఎక్కడ కొన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఇదే, మీటి వినడం. తర్వాత అంచు సమంగా ఉందో లేదో చూడటానికి నున్నటి బల్ల మీద బోర్లించాలి. ఊగితే, బౌల్ మీద బిగించి పైన బొగ్గు పెట్టే అల్యూమినియం ఫాయిల్ బిగుతుగా కూర్చోదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, అలంకారం వస్తువులకు వేసినట్టు రంగు, వార్నిష్ వేయొద్దని ముందే గట్టిగా చెప్పాలి. నిప్పు వేడికి ఆ రంగంతా మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

కొత్త బౌల్‌ను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, దుమ్ము కడిగేసి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల తడి ఉండగా బొగ్గు పెడితే పగిలిపోవచ్చు. పొగాకు 15 గ్రాముల లోపే వేస్తాను, వేళ్లతో చిదిమి, అదమకుండా. అంచుకు రెండు మిల్లీమీటర్ల కిందనే ఆపాలి, ఫాయిల్‌కు తగిలిందంటే మాడుతుంది. నడిమి రంధ్రం మీద పొగాకు పడకుండా చూసుకోవాలి. బొగ్గు కొబ్బరి చిప్పలదే వాడతాను. స్టవ్ మీద పది నిమిషాలకు పైనే కాలి, అన్నివైపులా బూడిదరంగు తిరిగాకే బౌల్ మీదికి ఎక్కాలి. అగ్గిపుల్లతో అంటుకునే మందు బొగ్గుతో నాకు తలనొప్పి తప్ప ఇంకేం రాలేదు. పలమనేరు బౌల్ గోడ మందం. బొగ్గు పెట్టాక ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి. పొగ రాలేదని తొందరపడి నాలుగో బొగ్గు పెట్టారంటే, మట్టి ఒక్కసారి వేడెక్కాక ఆ వేడిని తగ్గించడం మన చేతిలో ఉండదు. సాయంత్రం మిద్దె మీద గాలి తిరిగినప్పుడు రెండు బొగ్గులే చాలు.

గ్లేజ్ లేని మట్టికి ఒక పెద్ద లోపం ఉంది. తాగిన వాసనను తాగినట్టే పట్టుకుంటుంది. నేను దాదాపు ఎప్పుడూ డబుల్ ఆపిలే వాడతాను. పేరుకే ఆపిల్, వాసన మాత్రం సోంపుది. ఒకసారి మా బావమరిది అందులో పుదీనా వేసుకున్నాడు. తర్వాత చాన్నాళ్లు సోంపు వెనకాలే పుదీనా వస్తూనే ఉంది. ఆ నల్లమచ్చ బౌల్‌ను ఆయనకే కేటాయించేశాను. కడగడానికి వేడినీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. సబ్బు పెడితే మట్టి పీల్చుకుని వచ్చేసారి పొగలో వదులుతుంది. వేడి మీదున్న బౌల్ మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు ఖాయం.

ఆరోగ్యం సంగతి దాచిపెట్టి రివ్యూ రాయలేను. నీళ్లలోంచి వస్తుంది కాబట్టి పొగ శుభ్రపడుతుందని మనవాళ్లలో చాలామంది నమ్మకం. అలా ఏం జరగదు. ఒక గంట హుక్కాలో లోపలికి పోయే పొగ పరిమాణం ఒక్క సిగరెట్‌తో పోలిస్తే వంద నుంచి రెండు వందల రెట్లు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. దానికి తోడు బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్. మూసిన గదిలో అయితే అది పక్కన కూర్చున్నవాళ్లనూ వదలదు. అందుకే నాది మిద్దె మీద ఒంటరి వ్యవహారం, అదీ ఎప్పుడో ఒకసారి. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు. మా ఆవిడకైతే బౌల్ మట్టిదైనా బంగారందైనా ఒకటే టెన్షన్. తిరుపతి వైపు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. కారు డిక్కీలో హుక్కా సామాను మరిచిపోయి కొండకు బయల్దేరకండి. తిరుమల మీదికి పొగాకు నిషేధం, అలిపిరిలో బండంతా వెతుకుతారు.

ఖర్చు చూస్తే, ఒక్కో బౌల్‌కు రెండు వందల లోపే పడింది. గ్లేజ్‌దానికి కువైట్‌లో పెట్టింది దీనికి ఎన్నో రెట్లు. బౌల్ కింది మూతి మాత్రం పైపుకు కాస్త వదులుగా వచ్చింది, గాలి లీకయ్యేది. మందమైన రబ్బరు వాషర్ వేస్తే సరిపోయింది. మీరు చేయించుకునేటప్పుడు బౌల్ ఒక్కటే కాకుండా పైపును కూడా వెంట తీసుకెళ్లి కుమ్మరికి చూపించండి. ఐదుకు నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు వాసన పట్టుకునే గుణానికి. కువైట్‌లో ఉన్న పాత రూమ్మేట్ తనకూ రెండు పంపమన్నాడు, గ్లేజ్ వేయించి. గ్లేజ్ లేకుండానే పంపుతున్నాను.