కొరాపుట్ – విశాఖ గూడ్సు: అరకు దారా, రాయగడ దారా?

కొరాపుట్, జయపురం వైపు సరుకు పంపేవాళ్లు, తెప్పించుకునేవాళ్లు మానకుండా అడిగే ప్రశ్న ఇది. మ్యాపు చూస్తే జవాబు తేలికే. కొరాపుట్ నుంచి విశాఖ దగ్గరి కొత్తవలసకు అరకు మీదుగా 189 కిలోమీటర్లు. రాయగడ చేరడానికే 164, ఆపైన పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం ఉన్నాయి. వంద కిలోమీటర్లకు పైగా చుట్టు. కానీ ఘాట్‌లో దూరం కాదు, బరువు ఎటు ఎక్కుతోంది, ఎటు దిగుతోంది అన్నదే తేలుస్తుంది.

అరకు లైను 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం కోసం వేసింది. లోడు దిగాలి, ఖాళీ వ్యాగన్లు ఎక్కాలి, లెక్క అంతే. శిమిలిగుడ దగ్గర దాదాపు 1,000 మీటర్ల ఎత్తు, అక్కణ్నుంచి 60కి 1 వాలు. అంటే కిలోమీటరుకు పదహారు పదిహేడు మీటర్ల దిగుడు. 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల రేకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండి, లోడుతో 4,700 టన్నులు తూగుతుంది. లోకో పైలట్ గాలి బ్రేకు వేసి, వదిలి, వెంటనే మళ్లీ వేస్తే వ్యాగన్ కింది గాలి ట్యాంకు (రిజర్వాయరు) నిండదు. అలా రెండు మూడుసార్లు జరిగితే బ్రేకు పట్టు సడలుతుంది. అందుకే వేగాన్ని ఇంజన్ డైనమిక్ బ్రేకుతో (ఇంజన్ మోటార్లే వేగాన్ని ఆపే పద్ధతి) పట్టి ఉంచి, గాలిని పొదుపుగా వాడతారు. పట్టు తప్పిన బండిని మళ్లించడానికి క్యాచ్ సైడింగులనే పక్క పట్టాలుంటాయి. ఇంత జాగ్రత్త ఉన్నచోట బండ్లు నెమ్మదిగానే కదులుతాయి.

ఇప్పుడు అదే రేకును బొగ్గుతో కింది నుంచి పైకి తేవాలనుకోండి. వాలు ఒక్కటే 78 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. ఒక డబ్ల్యూఏజీ-9 గూడ్సు కరెంటు ఇంజన్ బయలుదేరేటప్పుడు చూపే బలం దాదాపు 46 టన్నులు. కాగితం మీద రెండు ఇంజన్లు చాలు. వానకు తడిసిన పట్టాల మీద, వంపులో చక్రాలు జారితే మూడోది కావాలి. ఘాట్ మధ్యలో ఆగిపోయిన బండి వెనక లైనంతా ఆగిపోతుంది. కాబట్టి లోడుతో ఎక్కాల్సిన సరుకుకు నా ఓటు రాయగడకే. అదీ కొండ దారే, 36 సొరంగాలున్నాయి. కాకపోతే ఆ ఎత్తునే 164 కిలోమీటర్ల మీద పరిచి ఎక్కిస్తుంది. దమంజోడి అల్యూమినా అంగుల్‌కు వెళ్లాలన్నా ఇటే, అందులో చర్చ లేదు.

ఓడరేవుకు దిగే ఖనిజానికి మాత్రం అరకే మేలు. దానికోసమే పుట్టిన లైను మరి.

చుట్టు దారైతే చార్జీ పెరుగుతుందా? రైల్వే తన వీలు కోసం మళ్లిస్తే మామూలుగా దగ్గరి దారి చార్జీయే పడుతుంది. ఆ సరుకుకు రేషనలైజేషన్ ఉత్తర్వు (ఫలానా దారినే పంపాలన్న రైల్వే ఆదేశం) ఉంటే మాత్రం చుట్టు దారి కిలోమీటర్లే కడతారు. ఇండెంట్ (వ్యాగన్లు కావాలన్న అర్జీ) పెట్టేముందే గూడ్స్ క్లర్కును ఈ మాట అడగాలి.

వానాకాలంలో చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య రాళ్లు జారితే రాయగడ ఆదుకుంటుంది. జయపురం సరుకుకు ఆ ధీమా కూడా లేదు. 2023 సెప్టెంబరులో మనబార్–జరతి మధ్య కొండ విరిగిపడింది. ఆ చోటు కొరాపుట్‌కు అవతల, రెండు దారులూ కలిసే ఉన్న ముక్కలో.

సుంకి ఘాట్, సాలూరు మీదుగా లారీ అంటారా, రేకు నిండని చిన్న సరుకుకు సరే.