తాతయ్య సర్వే కంపెనీ కోసం వెతుకులాట: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మన జవాను గురించి పేరు పట్టుకుని వెతికితే దాదాపు ఏమీ దొరకదు. యూనిట్ పట్టుకుని వెతకాలి. మా తాతయ్య అప్పటి భారత సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన ఇండియన్ ఇంజనీర్స్ కింద ఒక ఫీల్డ్ సర్వే కంపెనీలో (పటాలు తయారుచేసే సైనిక యూనిట్) సాపర్‌గా, అంటే ఆ విభాగంలో మామూలు జవానుగా చేరి, పై హోదా అయిన నాయక్‌గా బయటికొచ్చారు. బర్మా వెళ్లొచ్చారని, అక్కడ పటాలు గీసే పనిలో ఉన్నారని, అంతవరకే ఇంట్లో తెలుసు. మిగతాది తెలుసుకోవడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్న కాగితాలు, ఆర్కైవ్‌లు, పటాల మీద నా అభిప్రాయం ఇది.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు, సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సర్టిఫికెట్‌కే ఇస్తాను. ఆర్మీ నంబరు, చేరిన తేదీ, ట్రేడు, వచ్చిన మెడల్స్ అన్నీ అందులోనే ఉంటాయి. మా దగ్గరున్నది సగం చెదలు తినేసింది. నంబరు మాత్రం మరోచోట దొరికింది. పెన్షన్ రాని ప్రపంచ యుద్ధం నాటి జవాన్లకు, వాళ్ల భార్యలకు రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ ఇచ్చే ఆర్థిక సాయం కోసం నాయనమ్మ పెట్టుకున్న దరఖాస్తు జిరాక్సు బాబాయి దాచి ఉంచారు. మీ ఇంట్లో కూడా ముందు బీరువాల్లో ఇలాంటి దరఖాస్తుల కోసం చూడండి. మెడల్స్ ఉంటే వెనక్కి తిప్పి, అంచు కూడా చూడండి. భారత సైన్యం వాళ్లకిచ్చిన వాటి మీద చాలాసార్లు నంబరు, పేరు కొట్టి ఉంటాయి.

నంబరు చేతికొచ్చాక సైన్యానికి చెందిన ఒక రికార్డు ఆఫీసుకు ఆర్టీఐ పెట్టాను. ఫీజు పది రూపాయలే. కానీ జవాబు కోసం ఎదురుచూడటం పెద్ద టెన్షన్. చివరికి, గడువు దాటిన పాత కాగితాలు తీసేశామని రెండు లైన్లు రాసి పంపారు. జవాన్ల సర్వీసు కాగితాలు లండన్‌లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్న సర్వీసు ఫైళ్లు ప్రధానంగా ఆఫీసర్లవి. మన సాపర్ల కాగితాలు ఇక్కడి రెజిమెంటు రికార్డు ఆఫీసుల్లోనే ఉండేవి.

యుద్ధాల్లో చనిపోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్ చక్కగా పనిచేస్తుంది. కాకపోతే అందులో ఉండేది రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్లు మాత్రమే, దాదాపు 17 లక్షల పేర్లు. బతికి తిరిగొచ్చిన తాతయ్య అందులో లేకపోవడం మన అదృష్టం. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఊరి పేరు ఇప్పటి స్పెల్లింగుతో కొడితే రాదు. కొకనాడ, బెజవాడ, ఎల్లోర్, వైజాగపటం అని ఇంగ్లీషువాళ్లు రాసినట్టే కొట్టాలి. మన దేశపు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌కు కూడా ఈ చిట్కా వర్తిస్తుంది. అందులో దేశపు పటాలు తయారుచేసే ప్రభుత్వ శాఖ సర్వే ఆఫ్ ఇండియాకు సంబంధించిన ఫైళ్లున్నాయి, రిజిస్ట్రేషన్ ఉచితం. అయితే అవి శాఖల మధ్య నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు. జవాను పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. యుద్ధకాలంలో, 1941 నుంచి 1947 దాకా, ఆ శాఖకు అధిపతిగా, అంటే సర్వేయర్ జనరల్‌గా ఉన్న ఆలివర్ వీలర్ 1921 ఎవరెస్ట్ యాత్రలో పైకి దారి వెతికిన బృందంలో మనిషి. తాతయ్య వాళ్లకి పై పైన ఉన్న దొర కొండలెక్కినవాడని తెలిసి మా పిల్లలు మాత్రం తెగ సంబరపడ్డారు.

ఇక నాకు అసలు దారి చూపించింది పటాలు. ఇంత పనికొస్తాయని మొదట్లో అనుకోలేదు. ఫ్రంటులో ఫీల్డ్ సర్వే కంపెనీ పని కొలవడంతో అయిపోదు. విమానాల నుంచి తీసిన ఫొటోలు చూసి పాత పటాలను సరిదిద్దాలి, గీయాలి, లారీల్లో పెట్టుకున్న ప్రెస్సుల మీద అచ్చేసి దళాలకు పంచాలి. ఆనాటి షీట్ల అడుగున మార్జిన్‌లో ఏ సంవత్సరం ముద్రణో, చాలావాటి మీద ఎవరు అచ్చేశారో కూడా ఉంటుంది. తాతయ్య కంపెనీ పేరు మొదటిసారి అక్కడ చూసినప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను.

షీటు నంబర్లు ఒకసారి అర్థమైతే సులువు. నాలుగు డిగ్రీల గడికి ఒక అంకె, అందులో ఒక్కో డిగ్రీకి ఒక అక్షరం, దాన్ని మళ్లీ పదహారు ముక్కలు చేస్తే మైలుకు అంగుళం స్కేలు షీటు వస్తుంది. ఇంఫాల్ 83 హెచ్‌లో, కొహిమా 83 కెలో, మండలే 93 సిలో పడతాయి. చిక్కంతా గ్రిడ్‌తోనే, అంటే చోటు చెప్పడానికి పటం మీద గీసిన అడ్డు, నిలువు గీతలతోనే. అప్పటి మిలిటరీ గ్రిడ్ గజాల్లో ఉంటుంది, లెక్కంతా ఎవరెస్ట్ గోళాభం అనే, భూమి ఆకారానికి అప్పట్లో వాడిన కొలత మీద కట్టింది. ఆ అంకెలను తిన్నగా ఫోన్ మ్యాపులో కొడితే ఎక్కడికీ చేరం. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో షీటును మూలల దగ్గర అమర్చుకున్నాక సరిపోయింది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. షీట్ల కోసం డబ్బు పెట్టే ముందు టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్ చూడండి. అమెరికన్ ఆర్మీ వేసిన 1:2,50,000 స్కేలు పటాలు, భారత్‌వి యు502 సిరీస్, బర్మావి యు542 సిరీస్, అక్కడ ఉచితం. అవి యుద్ధం తర్వాతి ముద్రణలు కాబట్టి యూనిట్ పేరు దొరకదు, ఊళ్లు పోల్చుకోవడానికి మాత్రం బాగుంటాయి.

కంపెనీ ఏ నెల ఎక్కడుందో చెప్పేది వార్ డైరీ, అంటే యుద్ధకాలంలో యూనిట్ తన పనులు రాసుకున్న రికార్డు. ఆగ్నేయాసియా ఫ్రంటువి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 వరుసలో ఉన్నాయి. మా పిన్ని కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తుండటం కలిసొచ్చింది. రీడర్ టికెట్‌కు డబ్బు తీసుకోరు, సొంత ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు. డైరీలో ఆఫీసర్లకు పేర్లుంటాయి, జవాన్లు చాలాచోట్ల లెక్కలో అంకెలుగానే కనిపిస్తారు. తాతయ్య పేరు నాకు ఎక్కడా దొరకలేదు. అయినా డిశ్చార్జి తేదీలు, డైరీలో క్యాంపులు, పటాల అడుగున ముద్రణ సంవత్సరాలు పక్కపక్కన పెట్టుకుంటే 1944, 1945లలో ఆయన ఎటు నడిచారో చాలావరకు తేలింది. మనవాళ్లెవరూ అక్కడ లేకపోతే డబ్బు తీసుకుని ఫొటోలు తీసి పంపే పరిశోధకులున్నారు. ఫైళ్లు సాధారణంగా యూనిట్‌కు ఏడాదికొకటి చొప్పున ఉంటాయి కాబట్టి, వాళ్లను అడిగే ముందే సంవత్సరం తేల్చుకుని ఫైలు నంబరు రాసిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.