నరసాపురంలో క్రైస్తవ పుస్తకాల కొట్టు: బల్ల బాగుంది, బల్బు బాగాలేదు

నాది సఖినేటిపల్లి. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో రోజూ దేవుడి గదిలో దీపం పెట్టే మనిషిని. నిరుడు మా ఆవిడ పోయాక రాత్రిళ్లు నిద్ర పట్టక, చేతికందినదల్లా చదవడం మొదలుపెట్టాను. ఆ వరసలో బైబిలు కూడా చూద్దామనిపించింది.

మొదట వేరే ఊళ్లో ఒక కొట్టుకు వెళ్లాను. పుస్తకం ధర చెప్పకముందే పేరు, ఫోను నంబరు రాయించుకున్నారు. ఆ రాత్రి నుంచే ఫోన్లు, "ఎప్పుడు నిర్ణయం తీసుకుంటారు?" అని. స్థలం కొనడానికి వచ్చినవాడిలా కనిపించానేమో.

తర్వాత పంటెక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లాను. ఈ కొట్టు చర్చి ప్రహరీని ఆనుకున్న ఒకే గది. బల్ల మీద ఇక్కడి ఆడవాళ్లు అల్లిన లేసు గుడ్డ పరిచి ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన అల్లిక మీద టీ గ్లాసు పెట్టడానికి నాకు చేయి రాలేదు. "పరవాలేదు మాస్టారూ, ఉతుక్కుంటాను" అన్నారు కొట్టు చూసే ఆవిడ. లావు బైబిలు అడిగితే ఇవ్వలేదు. "ముందు మార్కు సువార్త చదవండి. పదహారే అధ్యాయాలు. నచ్చితే మిగతాది కొందురుగాని" అని పది రూపాయల పుస్తకం చేతిలో పెట్టారు. వ్యాపారం తెలియని మనిషి అనుకున్నాను.

తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. జబ్బుపడిన కొడుకును యేసు దగ్గరికి తీసుకొచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడు. 'అపనమ్మకముండకుండ' దగ్గర నోరు తడబడుతుంది. ఆ తండ్రికీ తడబడే ఉంటుంది.

మళ్లీ వెళ్లినప్పుడు అడిగేశాను. "ఆ కొడుకు బాగుపడ్డాడు. మా ఆవిడ ఎందుకు బాగుపడలేదమ్మా?" ఆవిడ ఏ వచనమూ తీయలేదు. "మా నాన్న విషయంలో నేనూ అదే అడిగాను మాస్టారూ. ఇంకా అడుగుతూనే ఉన్నాను" అన్నారు. తర్వాత మా ఆవిడ సంగతులు అడిగారు. గంటసేపు చెప్పాను.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చి ఈ డెల్టాలో సువార్త చెప్పిన బౌడెన్, బీర్ ముందు తెలుగు నేర్చుకోవలసి వచ్చింది, అంటే ఎదుటివాళ్ల మాట వినవలసి వచ్చింది. ఇప్పటి బోధకులకు తెలుగు పుట్టుకతోనే వచ్చు కనుక ఆ శ్రమ తప్పిందనుకుంటారు కాబోలు.

లోపాలూ ఉన్నాయి. బల్బు గుడ్డిది. పెద్ద అక్షరాల బైబిళ్లు పై అరలో ఉన్నాయి, నిచ్చెన లేదు. ముందు వరుసంతా అద్భుతాలు, ఆశీర్వాదాలు అంటూ రంగురంగుల అట్టలే. అవి ఆవిడకే ఇష్టం లేదని ముఖం చూస్తే తెలుస్తుంది. గ్రాంథికం కష్టమనుకునే కుర్రాళ్లు వాడుక భాషలో ఉన్న అనువాదం అడగాలి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసి ఉంటుంది.

నదికి ఇవతలివాళ్లు పంటు వేళ చూసుకుని కూర్చోండి. మాటల్లో పడి ఒకసారి ఆఖరి పంటు తప్పిపోయి, చించినాడ వంతెన మీదుగా ఆటోలో చుట్టూ తిరిగి ఇల్లు చేరాను.