పడుకున్న జింకను కొట్టాలా, లేచేదాకా ఆగాలా?

అమెరికాలో లైసెన్సుతో తెల్లతోక జింకల వేటకెళ్లేవాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఇది. (మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేట నేరం.)

శ్రమ: పడుకున్నది కదలదు, తీరిగ్గా గురి కుదురుతుంది. ఆగితే గంటలు పట్టొచ్చు. గాలి మళ్లి మన వాసన తగిలిందా, ఒక్క దూకులో మాయం.

ప్రమాదం: అసలు సంగతి ఇక్కడుంది. పడుకున్నప్పుడు మడిచిన ముందుకాలి ఎముక గుండెకు అడ్డొస్తుంది, ఛాతీ కింది భాగాన్ని గడ్డి కప్పేస్తుంది. అంచనా కాస్త వెనక్కి తప్పితే తూటా పేగుల్లో దిగుతుంది. ఆ జింక గంటల తరబడి నరకం పడుతుంది, మాంసమూ పాడవుతుంది. పక్కకు తిరిగి నిలబడితే భుజం వెనక చోటు స్పష్టం.

న్యాయం: పడుకున్నదాన్ని కొట్టడమే అన్యాయమంటారు కొందరు. నేనొప్పుకోను. త్వరగా ప్రాణం పోవడమే ముఖ్యం.

రైఫిలుండి, దగ్గర్లో ఛాతీ పూర్తిగా కనిపిస్తే కొట్టొచ్చు. విల్లయినా, పొద అడ్డున్నా ఆగాల్సిందే.